అరబ్బులు, తాతారులు, మాలకొండయ్య మంద

తొంభై అయిదు మే నెలలో ఉదయగిరి వెళ్లాను. కొండ మీది కోట చూడటానికి కాదు, గొర్రెల కోసం. ఎరువు బస్తాలు కొనే స్తోమత నాకు లేదు. తొలివానకు ముందే ఆత్మకూరు పక్కనున్న మా మూడెకరాల మెట్టలో నాలుగు రాత్రులు మంద పడుకుని పెంటికలు వేస్తేనే ఆ ఏడు పంట మీద ఆశ. కాపరి మాలకొండయ్య చుట్టూ వింజమూరు రైతు ఒకడు అప్పటికే తిరుగుతున్నాడని కబురొచ్చింది.

ఉదయం ఆరున్నర బస్సెక్కాను. వెంట మా బావమరిది ప్రభుదాసు. బీఏలో ఎకనామిక్స్ చదువుతున్నాడు. నేను ఏడో తరగతితోనే బడి మానేసినవాణ్ణి కనుక, మిగతా చదువు నాకు బస్సులోనే చెప్పేస్తాడు.

"బావా, అర్థశాస్త్రం మొదలుపెట్టిన దొరలు ఈ గొర్రెలోళ్ల సంగతి ఎప్పుడో రాసినారు. అరబ్బులు, తాతారులు ఉండారే, ఒకచోట నిలవరు. నాయకుడికి వేల జీవాలుంటాయి, కొనుక్కునేదానికి సరుకుండదు. ఏం జేస్తాడు? వెయ్యిమందికి కూడు పెడతాడు. తిన్నోళ్లు ఆయన చెప్పినట్టు వింటారు. యుద్ధమంటే యుద్ధమే!"

"ఆ దొరలు మంద ఎనకాల ఎన్నాళ్లు నడిచినార్రా?"

"నడవలా. చదివినారు."

ముందు సీట్లో కోడిపుంజును ఒళ్లో పెట్టుకున్న అవ్వ వెనక్కి తిరిగింది. "ఏం నాయనా, రేపు కాపురం గూడా చదివే చేస్తావా?"

తొమ్మిదింటికి ఉదయగిరిలో దిగాం. స్టాండు ఎదుట ఇడ్లీ, టీ. అక్కణ్ణించి కొండవైపు గంట నడక. మీరెళితే నీళ్లు తీసుకెళ్లండి, దారిలో నీడ లేదు.

మంద దగ్గరికి చేరగానే మాలకొండయ్య అసలు సంగతి చెప్పాడు. మంద కట్టినందుకు వింజమూరు రైతు నాకంటే ఎక్కువ ధాన్యం ఇస్తానన్నాడట.

"ముందు తినండి," అని రాగి సంగటి, గోంగూర పెట్టాడు. నేను ఒక ముద్దతో లేచాను. ప్రభుదాసు మూడు ముద్దలు తిని, తింటూనే తాతారుల పాఠం ఆయనకూ చెప్పాడు.

"సరుకు కొనకుండా ఎట్టరా?" అన్నాడు మాలకొండయ్య. "ఉప్పు, వడ్లు, రేడియో బ్యాటరీలు, అన్నీ మీ ఊళ్లల్లోనే. మీ చేలకి మేం గావాల, మాకు మీరు గావాల. అది మీ దొరలకి తెలవలా. కూడు సంగతి మాత్రం బాగ రాసినారు. మూడు ముద్దలు తిన్నావు గదా, లెయ్!"

మందతో నడిచే తోడుమనిషి జ్వరమొచ్చి ఇంటికి పోయాడట. వింజమూరు రైతు ధాన్యం ఇస్తానన్నాడు గానీ మనిషిని ఇస్తాననలేదు.

"ఇతను ఆత్మకూరు దాకా నడిస్తే, ముందు నీ చేలోనే మంద కడతా."

"ఎన్ని దినాలు?" అన్నాడు ప్రభుదాసు నీరసంగా.

"మూడు."

"బావా, నాకు పరీక్షలుండాయి!"

"దీనికంటే పెద్ద పరీక్ష ఏముందిరా?" అన్నాను.

నాలుగున్నర బస్సు ఒక్కణ్ణే ఎక్కాను. ఊరు దాటగానే బస్సు ఆగింది. రోడ్డు నిండా గొర్రెలు. అన్నిటికంటే వెనక, మెడ మీద గొర్రెపిల్లతో, చెప్పులు చేతబట్టుకుని ప్రభుదాసు.

"ఎవుర్రా ఆ గొర్రెలోడు? బెరీన తోలు, బస్సుకి టైమైపోతా ఉంది!" అని కండక్టరు అరిచాడు. నేను కిటికీ లోంచి తల లోపలికి లాక్కున్నాను.

దొరలు రాసినదాంట్లో సగం తప్పని, సగం నిజమని ఈ ప్రయాణంలో నాకు తేలింది. ఆ నిజమైన సగం మా చేను వైపు నడిచి వస్తోంది.