కోడలూ కొమ్ముల్లేని పోతూ

2022 ఫిబ్రవరి. పిడుగురాళ్లకు కొంచెం దూరంలో ఒక ఊరు. కల్లాల నిండా మిరపకాయలు ఎండుతున్నాయి. ఆ పక్కనే మార్తమ్మ మేకల దొడ్డి. మందకు నట్టల మందు, అంటే కడుపులో పురుగులు చచ్చే మందు, పోయడానికి వెళ్లాను.

నేను పశువుల డాక్టర్‌ని కాను. పశువుల మందుల షాపు నడుపుతూ, డాక్టరమ్మ చెప్పిన ప్రకారం చుట్టుపక్కల మందలకు మందులు పోసి వస్తుంటాను. చదువు పదో తరగతితో ఆగింది గానీ లెక్కల పిచ్చి ఆగలేదు. మందును నోట్లో గొట్టంతో పోయడాన్ని డ్రెంచింగ్ అంటాం. మోతాదు బరువును బట్టి ఉంటుంది. మేకలన్నిటినీ కాటా ఎక్కించడం కుదరదు కాబట్టి, టేపుతో ఛాతీ చుట్టుకొలతా ఒంటి పొడవూ తీసుకుని బరువు కడతాను. అలా కొలవాలంటే ప్రతి మేకనూ మోకాళ్ల మధ్య ఒడిసి పట్టుకోవాలి. దూరం నుంచి చూసేవాళ్లకు కనపడనివి అందుకే మాకు కనపడతాయి.

ఆ రోజు ఏడాది వయసున్న ఒక ఆడమేకను పట్టుకుంటే మెడ దళసరిగా తగిలింది. గడ్డం ఉంది. పోతు కంపు కొడుతోంది. తోక ఎత్తి చూస్తే ఆడదే, కానీ అక్కడ ఉండాల్సిన దానికంటే ఎక్కువే ఉంది.

"అక్కా, దీన్ని ఆడదంటున్నావా, మగదంటున్నావా?"

"నేనేమనేది తమ్ముడూ! వెనక చూస్తే ఆడది, వాసన చూస్తే పోతు. ఇట్టాంటియ్యి మొత్తం ఏడు ఉన్నయ్యి. ఎదకి రావు, ఈనవు, కట్టెపుల్లతో అదిలించినా దొడ్డి దాటవు. తిండికి మాత్రం ముందుంటయ్యి."

ఆడ దారిలోనో మగ దారిలోనో పూర్తిగా కాకుండా మధ్యలో ఎదిగిన ఇలాంటి శరీరాలను ఇంటర్‌సెక్స్ అంటారు. మందలో ఒకటి కనపడితే నేను ఆశ్చర్యపోను. పోతులు పోతుల మీదికి ఎక్కడం, ఎదలో ఉన్న ఆడమేకలు ఒకదాని మీదికొకటి ఎక్కడం కూడా మేం తరచూ చూసేవే. జీవాలు మనం గీసిన గీతల మధ్యే నడవవు. కానీ ఒకే దొడ్డిలో ఏడు అంటే దానికి ఏదో కారణం ఉండి తీరాలి.

కారణం ఏమిటని అడిగితే మార్తమ్మ ఇంటివైపు కళ్లు తిప్పింది. లోపల పసిబిడ్డ ఏడుస్తోంది. గుమ్మం పక్కన జిప్పు బిగించిన బ్యాగు ఒకటి ఉంది.

"మా కోడలు రూతు," అంది గొంతు తగ్గించి. "పెళ్లై వచ్చిన కాడ్నించే మందకు ఇట్టా పట్టుకుంది. ఇప్పుడు దానికి పుట్టిన బిడ్డ కూడా... ఆడో మగో చెప్పలేమంది నర్సమ్మ. గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్లమంది. ఏ మొహం పెట్టుకుని పోతాం? ఆదివారం ప్రార్థన అయినాక దాని పుట్టింటోళ్లు వచ్చి తల్లీబిడ్డల్ని తీసకపోతారు."

"నీ కొడుకు ఏమన్నాడు?"

"మా దానియేలా? సున్నం బట్టీలో పని. పొద్దున పోతాడు, చీకటి పడ్డాక వస్తాడు. అమ్మ ఎట్టా చెబితే అట్టా అన్నాడు."

గోడ అవతల నుంచి పక్కింటి నాగమణి అందుకుంది. "ఆ ఇంట్లో మేకలే ఏంటో తేలవు, మనవడో మనవరాలో ఏం తేలిద్ది!"

"నీ నోరు మూతపడితే చాల్లే పోవే!" అని మార్తమ్మ అరిచింది. కానీ కళ్లు తుడుచుకుంది.

ఐదు వారాల బిడ్డ ఆసుపత్రి మొహం చూడకుండా ఆదివారం ఇంకో ఊరికి వెళ్లిపోతుంది. ఇక ఎవరు తీసుకెళ్తారు? నాకు మందు పోయడం మీద ధ్యాస నిలవలేదు. టేపు చుట్టి జేబులో పెట్టుకుని అడిగాను.

"అక్కా, ఈ ఏడింటి తల్లులు ఏవి?"

ఆమెకు ప్రతి మేకా సొంత బిడ్డలాగే గుర్తు. ఒక్కొక్కదాన్ని చెవి పట్టుకుని చూపించింది. మందలో కొమ్ములున్న తల్లులు నాలుగు, మిగతావన్నీ బోడివి. ఏడింటికి ఏడూ బోడి తల్లుల పిల్లలే. కొమ్ముల తల్లులు నాలుగే, అంత తక్కువను చూసి ఏదీ తేల్చకూడదు కాబట్టి ఇంకోటి అడిగాను. ఇవే బోడి తల్లులు అంతకుముందు ఈనినప్పుడు ఇలాంటివి పుట్టాయా?

"ఒక్కటీ లేదు. అందుకేగా చెబుతున్నా, కోడలు కాలు పెట్టిన నెలనించీ చూడి కట్టినయ్యే ఇట్టా అని."

"ఆ నెలలో ఈ ఇంట్లో ఇంకెవరన్నా కాలు పెట్టారా?"

జవాబు లోపల నుంచి వచ్చింది. బిడ్డను భుజానేసుకుని రూతు గుమ్మంలో నిలబడింది.

"పోతు, బాబాయ్. నేనొచ్చిన వారానికే వచ్చింది. ఒంగోలు అవతల నుంచి ఆటోలో తెచ్చారు. నాకు అన్నం పెట్టారో లేదో గానీ దానికి సుబాబుల్ ఆకు కోసుకొచ్చి మరీ పెట్టింది అత్తమ్మ."

"ఆ... అది కొత్తగదే, బెంగపడిద్దని!" అంది మార్తమ్మ.

"నేను పాతదాన్నా?"

ఆ పోతు రాట దగ్గర నెమరేస్తోంది. పెద్ద తల, కొమ్ముల్లేవు. పాత పోతుకు కొమ్ములుండేవట. మిరపచేల చుట్టూ కట్టిన వలల్లో కొమ్ములు ఇరుక్కుని, వల చినిగి, రైతులతో గొడవలు. అందుకని మార్తమ్మ ఏరి ఏరి బోడి పోతును తెచ్చింది. ఎవరైనా అదే చేసేవారు.

డాక్టరమ్మకు ఫోన్ చేశాను. "బోడి తల్లి, బోడి తండ్రి అయితే అలా జరుగుతుందండీ," అన్నారావిడ. "పోల్డ్ అంటే పుట్టుకతో కొమ్ముల్లేనిది. ఆ గుణం ఇద్దరి దగ్గర్నుంచీ అందిన ఆడ మేకపిల్ల ఒంట్లో ఎదుగుదల మగ దారి పడుతుంది. మీకు లెక్కలంటే సరదా కదా, కట్టి చూడండి."

కల్లంలో నుంచి మిరపకాయలు, గోనె సంచిలో నుంచి పత్తి తెచ్చి నేల మీద కూర్చున్నాను. మిరపకాయ కొమ్ములా ఉంటుంది కాబట్టి అది కొమ్ము. దూది బోడి. ప్రతి మేక దగ్గరా రెండుంటాయి, తల్లిది ఒకటి, తండ్రిది ఒకటి. ఒక్క దూది ఉన్నా కొమ్ములు రావు. రెండూ దూదే అయితే కొమ్ములు రావు సరే, పుట్టింది ఆడదైతే ఈ ఏడింటిలా ఎదుగుతుంది. మగదానికి సాధారణంగా పైకి ఏ తేడా తెలియదు.

"మీ కొమ్ముల తల్లులకు ఈ పోతుతో పుట్టినవాటికి కొమ్ములున్నాయా?"

"లేవు. అన్నీ బోడియ్యే."

"కొమ్ముల తల్లులు ఇచ్చేది మిరపకాయే. అయినా అన్నీ బోడివంటే, మీ పోతు రెండు చేతుల్లోనూ దూదే ఉంది. ఈనుతున్న బోడి తల్లుల దగ్గర ఒక దూది, ఒక మిరపకాయ. పుట్టే పిల్లల్లో సగానికి రెండు దూదులు. అందులో సగం ఆడవి. అంటే నాలుగింట ఒకటి. బోడి తల్లులకు ఇప్పటిదాకా ఎన్ని పుట్టాయక్కా?"

వేళ్ల మీద రెండుసార్లు లెక్కపెట్టి ఇరవై ఆరు అంది.

"నాలుగో వంతు ఆరున్నర. నీకు ఏడు."

"అర మేక ఏడుందయ్యా?" అంది మార్తమ్మ చిరాగ్గా.

రూతు నవ్వేసింది. తర్వాత ఆ నవ్వే ఏడుపైంది. మార్తమ్మ నేల మీది దూదిని చేతిలోకి తీసుకుంది.

"అంటే... నేను తెచ్చిన పోతు."

"నువ్వు తెచ్చావు గానీ తప్పు నీదీ కాదక్కా, పోతుదీ కాదు. రెండు దూదులు కలిశాయి, అంతే. అమ్మాయికి మాత్రం దీంతో ఏ సంబంధమూ లేదు. ఇంకో మాట. ఈ లెక్క మేకలకే. మనుషులకు కొమ్ములుండవు, ఈ దూది లెక్క బిడ్డకు పనికిరాదు. మనుషుల్లో కారణాలు వేరు, చాలా ఉంటాయి. అది డాక్టర్లే చెప్పాలి."

ఆమె లేచి గుమ్మం దగ్గరి బ్యాగు తీసుకుంది. లోపల పెడుతుందనుకున్నాను. చంకన తగిలించుకుంది.

"ఆదివారం దాకా ఎందుకు? ఇప్పుడే పోదాం గుంటూరు. నువ్వూ రా తమ్ముడూ, వాళ్లు చెప్పేది నాకు అర్థంగాదు."

పెద్దాసుపత్రిలో పిల్లల డాక్టరు మొదట బిడ్డ రక్తం తీయించారు. కొందరు పసిపిల్లల్లో ఇలా ఉన్నప్పుడు ఒంట్లోని ఉప్పు నిలవకుండా పోయే జబ్బు ఉండొచ్చట. మందుతో అదుపులో ఉంటుంది, పట్టించుకోకపోతే ప్రాణం మీదికి వస్తుంది. ఆ మాట విన్నాక మార్తమ్మ వరండాలో కూర్చోలేదు. గోడకు ఆనుకుని పెదవులు కదుపుతూ నిలబడే ఉంది. రూతు బిడ్డకు పాలిస్తూ అత్తగారి చీర చెంగు పట్టుకుని ఉంది. వదల్లేదు.

రిపోర్టు వచ్చింది. సోడియం, పొటాషియం రెండూ ఉండాల్సిన అంకెల మధ్యే ఉన్నాయి. నేను మూడుసార్లు చదివాను.

"భయం లేదమ్మా," అన్నారు డాక్టరు. "బిడ్డ పాలు తాగుతోంది, బరువు పెరుగుతోంది, మూత్రం సాఫీగా వస్తోంది. మిగతా పరీక్షలు నిదానంగా చేద్దాం. ఆపరేషన్ చేసి ఏదో ఒకటి చేసేయమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఇలా పుట్టే పిల్లలు ఎప్పుడూ ఉన్నారు. పెరిగాక తనెవరో తనే చెప్పగలదు."

"మరి ఏం పేరు పెట్టమంటారు?" అంది మార్తమ్మ.

"అది నన్నడుగుతారేంటి?"

మార్తమ్మ వరండాలో చతికిలబడి, అప్పుడు ఏడ్చింది. తిరుగు బస్సులో అత్తాకోడళ్లు పేరు గురించే మాట్లాడుకున్నారు. ఆడకైనా మగకైనా సరిపోయే పేరు కావాలని రూతు అడిగింది. ప్రసన్న అని నిశ్చయించారు. ఆదివారం రూతు పుట్టింటివాళ్లు వచ్చారు గానీ, ప్రార్థనకే వచ్చారు. భోజనం చేసి వెళ్లారు.

పోతును కొమ్ముల తల్లులే ఉన్న వేరే మందకు ఇచ్చేశారు. అక్కడ దాంతో ఏ ఇబ్బందీ లేదు. మార్తమ్మ కొమ్ముల పోతును తెచ్చుకుని, వలలు చినిగినప్పుడల్లా నన్ను తిడుతుంటుంది. ఆ పోతుకు పుట్టిన పిల్లల్లో ఇలాంటిది ఒక్కటీ లేదు. ఏడింటిలో గడ్డమున్న ఆ మేకను మాత్రం ఉంచుకుంది. పత్తితీత అయిపోయిన చేలోకి మందను తోలేటప్పుడు ముందు నడిచేది అదే.

నా వృత్తిలో ఏదైనా ఎప్పట్నుంచి మొదలైందని అడగడం అలవాటు. ఆ దొడ్డిలో నేర్చుకున్నది, ఆ అడిగేదానికి ఇంకోటి చేర్చడం. అప్పుడే ఇంకేం వచ్చింది? ఒకే నెలలో గుమ్మం దాటినవి రెండున్నప్పుడు, నోరున్న దాని మీదికే నింద పోతుంది, నెమరేసేదాన్ని ఎవరూ చూడరు.

మొన్న మళ్లీ నట్టల మందు పోయడానికి వెళ్లాను. ప్రసన్న అంగన్‌వాడీ నుంచి వచ్చి గడ్డం మేక మెడ పట్టుకుని వేలాడుతోంది. గోడ అవతల నుంచి నాగమణి అడిగింది.

"ఇంతకీ ఆడా, మగా మార్తమ్మా? ఏం తేలింది?"

మార్తమ్మ మేక నోరు తెరిచి పట్టుకునే జవాబిచ్చింది.

"ఏదాన్నడుగుతున్నావే, మేకనా, బిడ్డనా? రెండూ నాయ్యే. అది తేలింది."