రాణిని అడవికి పంపడం

1994లో నేను ఎడపల్లిలో పశువుల డాక్టరుని. ఎడ్ల కాలిపుండ్లు, బర్రెల పొదుగువాపులు చూసే నేను ఒక కొండముచ్చుకు కుట్లు వేయడం అదే మొదటిసారి. ఆ గాయానికి కారణం కూడా నేనే.

ఏడాదిన్నర ముందు కరెంటు తీగ తగిలి చచ్చిన తల్లిని కరుచుకుని ఉన్న పిల్లను, చెరకు కూలీ లచ్చవ్వ తెచ్చి మేకపాలు పట్టి పెంచింది. రాణి అని పేరు పెట్టుకుంది. అడవి జంతువును ఇంట్లో ఉంచుకోకూడదని అటవీశాఖ బీటు గార్డు నర్సయ్య చెప్పడంతో, మేమిద్దరం దాన్ని జీపులో తీసుకెళ్లి డిచ్‌పల్లి అవతలి గుట్టల్లో ఒక మంద దగ్గర వదిలేశాం. మూడో రోజు హైవే పక్క హోటలు ముందు దొరికింది. మంద కరిచి తొడ చీలింది.

కుట్లు వేస్తుంటే లచ్చవ్వ దాని తల పట్టుకుంది.

"నేను జొన్న గట్కనే పెట్టిన సారు. అడవిల ఏం తినాల్నో దానికేం ఎరుక?"

నాకూ తెలియదు. ఆ తర్వాత రెండు నెలలు, ఆదివారాలు నర్సయ్యతో గుట్టలకు వెళ్లి మంద ఏం తింటుందో రాసుకున్నాను. మేడికాయలు, రావి చిగుళ్లు, మోదుగ పూలు. రాళ్ల కోసం గుట్ట తవ్విన వైపు చెట్లే లేవు. వానలు పడగానే నర్సయ్య అక్కడ మేడి, రావి మొక్కలు నాటించాడు.

ఈసారి 'సాఫ్ట్ రిలీజ్' చేశాం. అంటే ఒక్కసారిగా వదిలేయకుండా, అడవి అంచున ఇనుప జాలీ గదిలో ఉంచి అక్కడి తిండికీ మందకూ అలవాటు చేయడం. రాణి ఆకు ముట్టలేదు. లచ్చవ్వ మేడి చిగురు తానే నోట్లో వేసుకుని నమిలింది. రాణి ఆమె పెదవులు వాసన చూసి, చేతిలోని కొమ్మ లాక్కుంది.

అయితే లచ్చవ్వ ఉన్నంతసేపూ మంద దగ్గరికి రాలేదు. ఆ మాట నేనే చెప్పాల్సి వచ్చింది.

"రేపటి నుంచి నువ్వు రావద్దు లచ్చవ్వా."

"దూరం నుంచి సూస్త సారు."

"నిన్ను చూస్తే అది అరుస్తుంది. మంద పారిపోతుంది."

"నన్ను యాది చేస్తదా?"

"కొన్ని రోజులు."

"సరే. కొమ్మలు మాత్రం లేతయి సూసి కొయ్యమను నర్సన్నను."

రాణి రెండు రోజులు ఏమీ తినలేదు. జాలీ తలుపు తీసేద్దామా అనిపించింది, ఆగాను. ఆరో రోజు మందలోని ఒక ముసలి ఆడ కొండముచ్చు జాలీలోంచి చెయ్యి పెట్టి రాణి వీపు మీద పేలు చూసింది. ఇంకో వారానికి తలుపు తీశాం. రాణి ఆ ముసలిదాని వెంటే వెళ్లిపోయింది.

మూడేళ్లకు నాకు బదిలీ అయింది. వెళ్లే ముందు లచ్చవ్వను గుట్టలకు తీసుకెళ్లాను. నర్సయ్య చూపించిన చెట్టు మీద, నల్లటి పిల్లను పొట్టకు పట్టుకుని రాణి కూర్చుంది. లచ్చవ్వ చాలాసేపు చూసింది.

"పిలవవా?" అన్నాను.

"వద్దు సారు. పిలిస్తే వస్తది."

ఆ తర్వాత నా సర్వీసులో ఏ జంతువునూ అది బతకాల్సిన చోటు చూడకుండా వదల్లేదు. ఆ చోటు సిద్ధమయ్యాక మనుషులు పక్కకు తప్పుకోవాలి. అది నాకు తేలికైన పని, లచ్చవ్వకు కాదు.