సాంచె ఆగిన గీత

నా చిన్నప్పుడు మా కాక ఫోనులో సినిమా పాట పెట్టి, చప్పుడు పూర్తిగా తగ్గించేసి, "గిప్పుడు సూడు" అనేవాడు. పాటంటే వినేది కదా, నోరు నొక్కేసి చూడమంటాడేమిటని నాకు ఒళ్ళు మండేది. ఫోను లాక్కోబోతే చెయ్యి పైకెత్తేవాడు. ఆయన పొడుగరి, నాకు అందేది కాదు. చివరికి మూతి ముడుచుకుని చూసేదాన్ని.

కాక అంటే మా నాన్నకు తమ్ముడు. పెళ్ళి చేసుకోలేదు. సూరత్‌లో, డిండోలిలో మేముండే ఒక్క గదిలోనే అమ్మ, నాన్న, నేను, ఆయన సర్దుకునేవాళ్ళం. నాన్నా ఆయనా ఒకే ఖాతాలో సాంచెలు నడిపేవారు. సాంచె అంటే కరెంటు మగ్గం, ఖాతా అంటే ఆ మగ్గాలుండే షెడ్డు. అన్ని సాంచెలూ ఒకేసారి కొట్టుకుంటుంటే పక్కనున్న మనిషి అరిచినా వినపడదు. అందుకే అక్కడ అందరూ చేతులతో మాట్లాడుకుంటారు. రెండు వేళ్ళు విడదీస్తే దారం తెగిందని, బొటనవేలెత్తితే అంతా బాగుందని, అరచేయి వెల్లకిలా తిప్పితే "ఎక్కడ?" అని. పాటలు కూడా అలాగే చూసేవారట, గోడకు ఆనించిన ఫోనులో, ఒక్క ముక్క వినపడకుండా. ఆ చప్పుడులో పదిహేనేళ్ళు పనిచేసి మా కాకకు చెవులు సగం పోయాయి. కళ్ళకు మాత్రం ఏదీ తప్పించుకునేది కాదు.

మా వీధిలో ఆయనంత సోకుగా ఉండే మనిషి ఇంకొకరు లేరు. ఖాతా నుంచి వచ్చేటప్పటికి జుట్టు నిండా దూది పీచు ఉండేది. స్నానం చేసి బయటికొస్తే మాత్రం వేరే మనిషి. చొక్కా చేతులు సరిగ్గా రెండే మడతలు. ఆ మడతలు ఏదో పాత సినిమాలో ఉత్తరాలు పంచే వేషగాడిని చూసి పెట్టుకున్నవి. మెడ దగ్గర కట్టుకునే జేబురుమాలు పెళ్ళి బ్యాండులో సన్నాయి ఊదేవాడిది. "మా ఇంటి హీరో బయలెల్లిండు" అని అమ్మ ఎగతాళి చేసేది. "హీరోను అందరు సూస్తరు వదినె, నేను ఎన్కున్నోళ్లను సూస్త" అని ఆయన నవ్వేవాడు.

నాకు పదకొండేళ్ళప్పుడు లోకం మీదికి కరోనా జబ్బు వచ్చింది. దేశమంతా తలుపులు మూసుకుంది. ఒక మధ్యాహ్నం సాంచెలు ఉన్నవి ఉన్నట్టు ఆపేయమన్నారు. బట్ట సగంలో ఉండగానే కాక మీట ఆపి, తాళం వేసిన షెడ్డు వైపు రెండుసార్లు తిరిగి చూసి ఇంటికొచ్చాడు. మా వీధివాళ్ళు చాలామంది ఊళ్ళకు పోయారు. మాకు ఊళ్ళో పోవడానికి ఇల్లు మిగల్లేదు కాబట్టి ఉండిపోయాం. అమ్మానాన్నలు బియ్యం గురించి గుసగుసలాడుకుంటుంటే కాక నన్ను మూలకు కూర్చోబెట్టి పాట పెట్టేవాడు. పెద్దవాళ్ళ మాటలు నా చెవిన పడకుండా అలా చేశాడని ఎంతో కాలానికి గానీ నాకు తట్టలేదు.

ఆ రోజుల్లో నాకు ఒక పాట పిచ్చి పట్టుకుంది. కథానాయిక నెమలికంఠం రంగు లంగా వేసుకుని, గిర్రున తిరుగుతూ మెట్లు దిగుతుంది. అచ్చం అలాంటి లంగా నాకు కావాలి. కాక ఆ పాటను మూడుసార్లు పెట్టేవాడు. మొదటిసారి చప్పుడు లేకుండా చూడాలి. రెండోసారి ఫోను బోర్లా పెట్టి తాళం మాత్రం వినాలి. మూడోసారి ఫోనే లేదు, కళ్ళు మూసుకోవాలి.

"ఏం మిగిలింది బిడ్డా?"

"లంగా."

"ఎవ్వలది?"

"హీరోయిన్‌ది."

"గది ఆమెకు ఉండనియ్యి. నీకేం మిగిలింది?"

నాకు ఏడుపొచ్చేది. లంగా తప్ప నాకేమీ మిగల్లేదు మరి. ఒకరోజు విసుగొచ్చి నీకేం మిగిలిందో నువ్వు చెప్పు అని అడిగాను. ఆయన పాట మళ్ళీ పెట్టి ఒక చోట ఆపాడు. మెట్ల పక్కన పూలబుట్ట పెట్టుకుని కూర్చున్న ముసలామె. లేత రంగు చీరకు కింద ఒకే ఒక్క ముదురు అంచు. అన్నిసార్లు చూసినా ఆమె అక్కడున్నట్టే నాకు తెలియదు. ఆ ముదురు అంచు వల్లే అంతమందిలో తన కన్ను అక్కడికి పోయిందని కాక చెప్పాడు. నేను తల ఊపాను గానీ నా మనసంతా లంగా మీదే ఉంది. దసరాకు ముందు బతుకమ్మ ఆడే నాటికి ఎలాగైనా ఆ లంగా ఇస్తానని నా నెత్తిమీద చెయ్యిపెట్టి మాటిచ్చాడు.

కొన్ని నెలలకు ఖాతా తెరిచారు. అన్నాళ్ళు ఆగిన సాంచె మళ్ళీ కదిలితే ఆగిన చోట బట్టలో అడ్డంగా ఒక గీత పడుతుంది. అక్కడ నేత దగ్గరగా పడి చిక్కబడుతుంది. ఆపిన చెయ్యీ మళ్ళీ నడిపిన చెయ్యీ ఒకటే అయినా ఆ గీత పోదు. గీత పడిన బట్టను ఏ వ్యాపారీ తీసుకోడు. ఖాతా యజమాని శేఠ్ పక్కన పడేసిన ఆ ముక్కను మా కాక అడిగి తెచ్చుకున్నాడు. రంగుల మిల్లులో పనిచేసే దోస్తును బతిమాలి దానికి నెమలికంఠం రంగు వేయించాడు. రంగు అంతటా మెరిసింది. గీత ఉన్న చోట మాత్రం రెండు వేళ్ళ వెడల్పున బాగా ముదిరింది.

ఆ సాయంత్రం ఆయన ఆ బట్టను గది నిండా పరిచిన తీరు నాకింకా కళ్ళముందే ఉంది. చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "గా ముసలామె అంచు యాదికున్నదా? మనకు సాంచెనే ఇచ్చింది సూడు. గీ గీతకు ఇటు దిక్కు బంద్ కాకముందు నేసిన, అటు దిక్కు బంద్ అయినంక నేసిన. కిందికి వచ్చేటట్టు కుట్టిచ్చుకో. గిట్లాంటి లంగా సినిమాల గూడ ఉండదు" అన్నాడు.

నాకు మాత్రం ఆ గీతే కనబడింది. కథానాయిక లంగాకు గీత లేదు. డ్యామేజీ బట్ట కట్టుకొచ్చిందని వీధి పిల్లలు నవ్వుతారు, ఎందుకంటే వాళ్ళూ సాంచెలవాళ్ళ పిల్లలే, గీత ఎందుకు పడుతుందో వాళ్ళకు తెలుసు. బయటివాళ్ళయితే అంచు అనుకునేవారు. మా వాళ్ళు అనుకోరు.

మర్నాడు బట్ట తీసుకుని పక్కింటి అక్క దగ్గరికి పోయాను. ఆమె ఇంట్లోనే మిషను పెట్టుకుని కుట్టేది. గీత మొత్తం కోసి తీసేసి అతికి కుట్టమన్నాను. అక్క కత్తెర చేతిలో పట్టుకుని ఆగింది. "ఏందే, గింత మంచి అంచు తీసేయమంటవు? మీ కాక గిట్లనే చెప్పిండా?" అని అడిగింది. చెప్పాడన్నాను. ఎంత తేలిగ్గా అబద్ధం వచ్చిందో నా నోటికి! కత్తెర కరకరలాడుతూ పోయింది. గీత ఒక పొడుగాటి పేలికలాగా కింద పడింది.

ఆ ఏడు బతుకమ్మ మా వీధి వరకే. తంగేడు దొరక్క బంతిపూలే పేర్చారు. అమ్మలు మూతికి గుడ్డలు కట్టుకుని దూరం దూరంగా తిరుగుతూ పాడారు. లంగా నాలుగు వేళ్ళు పొట్టిదైంది, కింది వైపు అతుకు ఉబ్బెత్తుగా కనిపించింది. అయినా తిరిగితే గిర్రున విచ్చుకుంది. కాక పని నుంచి వచ్చి వీధి చివర నిలబడి చూస్తున్నాడు. ఆయనకు కనబడకుండా నేను అమ్మ వెనక్కి, అవతలి వైపుకి జరుగుతూనే ఉన్నాను. ఇంటికొచ్చి ఆయన కాళ్ళు కడుక్కునే లోపల లంగా విప్పి ట్రంకుపెట్టె అడుగున దాచేశాను. ఆయన ఎప్పుడూ అడగలేదు. గండం గడిచిందనుకున్నాను.

తర్వాతి ఎండాకాలం మొదట్లో జబ్బు రెండోసారి వచ్చింది. ఈసారి మా గదిలోకే వచ్చింది. కాకకు ఊపిరి అందక నాన్న ఆటోలో తీసుకుపోయి ఆసుపత్రిలో చేర్చాడు. లోపలికి ఎవరినీ రానివ్వలేదు. నాన్న గేటు బయట చెట్టు కింద ఉండిపోయాడు. అమ్మ ఏ పనీ చెయ్యకుండా గోడను ఆనుకుని కూర్చునేది. నాకు అప్పటికి పన్నెండేళ్ళే. దేవుడికి నేను చెయ్యని వాగ్దానం లేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం ఒక నర్సమ్మ దయతలచి అమ్మ ఫోనుకు వీడియో కాల్ చేసింది. కాకను చూపిస్తానని ఆమె అనగానే నేను ట్రంకుపెట్టె తెరిచి ఆ లంగా వేసుకున్నాను. ఆయనకు సంతోషంగా ఉంటుందనే వేసుకున్నాను, గీత సంగతి ఆ క్షణంలో నాకు గుర్తే లేదు. తెరలో కాక ముఖం సగం గొట్టాల కింద ఉంది. చుట్టూ యంత్రాల హోరు, ఆయన గొంతు పెగలడం లేదు, మా మాట ఆయనకు వినబడటం లేదు. అమ్మ "ఏమన్న తిన్నవా, ఏమన్న తిన్నవా" అని అదే మాట అరుస్తోంది. అప్పుడాయన చెయ్యి లేచింది. నన్ను వెనక్కి జరగమంది.

జరిగాను. పాటల్లో మనుషుల్ని చూసినట్టే నన్ను తల నుంచి పాదాల దాకా నెమ్మదిగా చూశాడు. తర్వాత వేలితో గాలిలో అడ్డంగా ఒక గీత గీశాడు. అరచేయి వెల్లకిలా తిప్పాడు.

గీత ఎక్కడ?

నిజం చెప్పడానికి నాకు సైగ కూడా వచ్చు, రెండు వేళ్ళు విడదీస్తే చాలు, తెగిపోయిందని. చెయ్యలేకపోయాను. వెనక్కి చూపించాను, కుచ్చిళ్ళలో ఉంది, వెనక వైపు ఉంది అన్నట్టు. తిరిగి చూపించమంటాడేమోనని బిగుసుకుపోయాను. అడగలేదు. కళ్ళతోనే నవ్వి, బొటనవేలు పైకెత్తాడు.

రెండు రోజులకు పోయాడు. చొక్కా మడత ఒకటి ఎక్కువైతే ఇంట్లోంచి అడుగు బయటపెట్టని మనిషిని ప్లాస్టిక్ సంచిలో చుట్టి పంపించారు. అందరికీ అలాగే, ఎవరినీ అనడానికి లేదు. ఆయన ఇస్త్రీ చొక్కా పట్టుకుని నాన్న గేటు దగ్గర నిలబడి, దాన్ని అలాగే వెనక్కి తెచ్చాడు.

గోడకు ఆయన పని చొక్కా వేలాడుతుండేది. దాన్ని కదిలించడానికి ఎవరికీ చేతులు రాలేదు. పది రోజుల తర్వాత అమ్మ ఉతుకుదామని తీసి జేబులో చెయ్యి పెడితే ఒక మాస్కు దొరికింది. తెల్లటి మాస్కు. చెవులకు తగిలించుకునే నాడాలు మాత్రం నెమలికంఠం రంగువి, బాగా ముదురువి. నేను దాన్ని పట్టుకుని పక్కింటి అక్క దగ్గరికి పరిగెత్తాను.

అక్క దాన్ని చూసి కొంగు నోట్లో కుక్కుకుంది. తర్వాత చెప్పింది. చలికాలంలో వీధివాళ్ళందరికీ మాస్కులు కుట్టినప్పుడు, గట్టిగా ఉందని ఆ పేలికను కాక మాస్కు నాడాలకు చీల్చిందట. ఆ మాస్కు ఆయన చేతికిచ్చినప్పుడు నాడాను వేళ్ళ మధ్య నలిపి చూసి పకపకా నవ్వాడట. తను నేసిన నేత తనకు తెలియదా! "'నా గీత గిక్కడున్నదా? పోన్లే చెల్లె, దానికి తెల్వనియ్యకు, పోరి సిగ్గుపడ్తది' అన్నడే" అని అక్క ఏడ్చింది.

అంటే ఆయనకు అన్ని నెలలుగా తెలుసు. నేను విసిరేసిన గీతను నా కంటపడకుండా జేబులో దాచి, వీధి దాటాక చెవులకు తగిలించుకుని రోజూ ఖాతాకు పోయాడు. అంత తెలిసీ ఆ రోజు ఎక్కడ అని ఎందుకు అడిగాడు? నన్ను ఆటపట్టించడానికే అడిగాడని అమ్మ అనేది. నేను నిజం చెబుతానేమోనని చివరిసారి చూశాడని నాకనిపిస్తుంది. చెప్పలేదు. చెప్పకపోయినా బొటనవేలెత్తి నన్ను వదిలేశాడు.

ఆ తర్వాత యాభై ఏళ్ళూ నేను బట్టలు కుట్టే పనిలోనే బతికాను. సూరత్ వదల్లేదు. ఇప్పుడు నా మనవరాలు ఏదో పాట తెచ్చి అచ్చం ఇలాంటిదే కావాలంటే, చప్పుడు తీసేసి, వెనకున్నవాళ్ళను చూడమంటాను. అదీ నాలాగే మూతి ముడుస్తుంది. నేను కట్టుకునే ప్రతి బట్టకూ ఎక్కడో ఒకచోట రెండు వేళ్ళ వెడల్పున ముదురు గీత ఉంటుంది. ఇది ఏ సినిమాలోది అని అడుగుతారు. ఏ సినిమాలోదీ కాదు, మా కాక నేసింది అంటాను.

కొత్త బట్ట కట్టుకున్న పొద్దున ఎవరూ లేకుండా చూసి అద్దం ముందు నిలబడతాను. అరచేయి వెల్లకిలా తిప్పుతాను. తర్వాత గీత మీద వేలు పెట్టి, గిక్కడున్నది కాకా, అంటాను.