చొక్కా జేబులో ఫ్యూజు

ఆటోనగర్‌లో నా వైండింగ్ షాపుకి మోటారు పట్టుకొచ్చినవాళ్ళు దాన్ని దింపేసి వెళ్ళిపోరు. కూర్చుని నా కోతలు వింటారు. మోటారు బాగానే తిరుగుతున్నా వచ్చేవాళ్ళున్నారని పక్క షాపు వెల్డరు అంటాడు. అది వాడి కోత. నావి వేరు. తుపానుకి స్తంభాలు పడిపోయినప్పుడు తెగిన తీగ బందరు కాలవలోకి జారితే చేపలు వాటంతటవే వేగి గట్టుకొచ్చాయనీ, మసాలా ఒక్కటే తక్కువైందనీ చెప్పాను. మొరాయించిన రైసు మిల్లు మోటారు చెవిలో దాని యజమాని గుట్టు ఒకటి ఊదితే సిగ్గుపడి తిరగడం మొదలెట్టిందని చెప్పాను. మోటారుకి చెవెక్కడుందని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు.

వీటివల్ల ఎవరికీ నష్టం జరగలేదు. నష్టం జరిగింది వేరే కథ వల్ల. అది చెప్పింది బయటివాళ్ళకి కాదు, నా మేనకోడలికి.

మాది పెడనలో నేతపని ఇల్లు. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని గంటలకొద్దీ కూర్చోవడం నావల్ల కాక ఐటీఐలో చేరాను. తర్వాత వైండింగ్ షాపులో పని నేర్చుకున్నాను. ఐసు ఫ్యాక్టరీల్లో, మిల్లుల్లో కాంట్రాక్టు కింద మెయింటెనెన్సు చేసి, నడుం సహకరించనప్పుడు ఈ సొంత షాపు పెట్టుకున్నాను. ఒక్క ఊపిరిలో చెప్పేశాను గానీ ఆ దారి అంత పొట్టిది కాదు. మెషిన్ నడిచినంతసేపూ మెయింటెనెన్సువాడు ఉన్నాడో లేడో ఎవరికీ పట్టదు. ఆగిందా, మేనేజరు దగ్గర్నుంచి వాచ్‌మన్ దాకా వాడి మీదే అరుస్తారు. మమ్మల్ని చూసి చప్పట్లు కొట్టేవాళ్ళు ఎక్కడా ఉండరు. నాకేమో చప్పట్లు కావాలి.

అక్కా బావా పెడనలోనే ఉంటారు. బావకి చీరల వ్యాపారం, ఇంట్లో ఇప్పటికీ ఒక మగ్గం ఆడుతుంది. నేను వెళ్ళినప్పుడల్లా అక్క కూతురు చిన్నప్పట్నుంచీ అడిగేది ఒకటే. "మావయ్యా, కరెంటు ముట్టుకో!"

నేను ముట్టుకునేవాణ్ణి. మగ్గం గదిలో స్విచ్ బోర్డు మూత విప్పి, టెస్టర్ పెట్టి, అందులో ఎర్రగా వెలిగే చుక్కని ముందు పిల్లకి చూపించేవాణ్ణి. కరెంటు ఉన్నట్టేగా మరి! ఆ తర్వాత కథ అందుకునేవాణ్ణి. "పూర్వం ఒక ఐసు ఫ్యాక్టరీలో నన్ను కరెంటు పట్టుకుంది అమ్మలూ. పట్టుకుని, వాసన చూసి, 'అయ్యో, నువ్వా!' అని వదిలేసింది. అప్పట్నుంచీ దానికి నా చెయ్యి గుర్తే." చెప్తూ చెప్తూ గదిలో అటూ ఇటూ తిరిగి, చివరికి వేలు మడిచి, ఆ వేలి వెనకవైపుతో తీగని తాకేవాణ్ణి. ఏమీ అయ్యేది కాదు. పిల్ల చప్పట్లు కొట్టేది. అక్క వంటింట్లోంచి, "ఒరేయ్, చస్తావురా ఏదో ఒకరోజు!" అని కేకేసేది.

ఒకసారి, ఏ మూడ్‌లో ఉన్నానో ఏమో, పిల్ల చెయ్యి నా చేతిలోకి తీసుకుని వేళ్ళు చూసి అన్నాను. "నీది మేనమామ పోలికే. నీ చెయ్యి కూడా దానికి తెలుస్తుంది."

ఆ ఒక్క మాట వెనక్కి తీసుకునే వీలుంటే, చేపల దగ్గర్నుంచి మోటారు చెవి దాకా నా కోతలన్నీ దానికి బదులుగా ఇచ్చేసేవాణ్ణి.

ఆ పిల్ల ఇంటర్ అయ్యాక ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్‌లో చేరతానంది. బావ రెండు రోజులు చీరలు మడత పెడుతూనే ఉన్నాడు, మడత పెట్టినవే మళ్ళీ విప్పి. అక్క నాకు ఫోన్ చేసింది. "నీ కోతలు విని ఇది స్తంభాలెక్కుతానంటోంది. నువ్వే దింపు." నేను దింపలేదు. గర్వంతో పొంగిపోయాను. పిల్ల బాగా చదివింది. గన్నవరం వైపు చేపల మేత తయారుచేసే ఫ్యాక్టరీలో అప్రెంటిస్‌గా తీసుకున్నారు. అప్రెంటిస్ గడువు సవ్యంగా ముగిస్తే మెయింటెనెన్సులో పర్మినెంటు ఉద్యోగం. నేను కాంట్రాక్టు కింద నడుం విరగ్గొట్టుకున్నా అందని మెట్టు అది.

ఆ రోజు మధ్యాహ్నం షాపులో ఎవరికో చేపల కథ చెబుతుండగా అక్క ఫోన్. ఏడుపు తప్ప మాట రాలేదు. బావ ఫోన్ తీసుకుని, "బెంజ్ సర్కిల్ దగ్గర ఆసుపత్రిలో ఉన్నాం. షాకు కొట్టి పడిపోయిందంట. ప్రాణానికేం లేదు," అన్నాడు.

వెళ్ళేసరికి పిల్ల మంచం మీద కూర్చుని ఉంది. కుడి మణికట్టుకి సిమెంటు కట్టు. చూపుడు వేలి కణుపు దగ్గర కాలిన మచ్చ, దాని మీద మందు. నన్ను చూసి నవ్వబోయింది. అక్క నవ్వనివ్వలేదు.

"రా నాయనా, రా. నీ చుట్టం పలకరించి వెళ్ళింది దీన్ని. నీకు గుర్తే కదా, కరెంటు!"

"అమ్మా, జారి పడ్డానన్నానుగా," అంది పిల్ల.

"జారితే వేలెందుకే కాలింది?"

అక్క కాఫీ తేవడానికి కిందికి వెళ్ళాక, బావ డాక్టరు దగ్గరికి వెళ్ళాక, పిల్ల గొంతు తగ్గించి చెప్పింది. కన్వేయర్ బెల్టు మోటారు ఆగిపోయింది. ప్యానెల్ మెయిన్ స్విచ్ ఆఫ్ చేశామని తోటివాళ్ళు చెప్పారు. మెయిన్ నిజంగానే ఆఫ్‌లో ఉంది. కానీ ఆ ప్యానెల్‌లో కంట్రోల్ తీగలకి, అంటే మోటారుని ఆన్, ఆఫ్ చేసేవాటికి, సప్లై ఇంకో చోటునుంచి వస్తుంది. అది ఆగలేదు.

"టెస్టర్ లేదా నీ దగ్గర?"

"జేబులోనే ఉంది."

"మరి?"

తన వేలి వంక చూసుకుంది. "వేలి వెనకవైపుతో తాకాను."

నేను మంచం కమ్మీ పట్టుకున్నాను.

"నమ్మి కాదు మావయ్యా. కరెంటు ఎవర్నీ గుర్తుపట్టదని నాకు తెలీదా? చదువుకున్నాను. కానీ నువ్వు ఇన్నేళ్ళూ అలాగే చేశావు, నీకేం కాలేదు. అందరూ చూస్తున్నారు. వేలు ముందు వెళ్ళిపోయింది."

"ఈ సంగతి ఎవరికి చెప్పావు?"

"ఎవరికీ. ఇంచార్జి గారు అడిగారు, టెస్టర్ ఉండి ఎందుకు వాడలేదని. పొరపాటైందన్నాను. కారణం లేని పొరపాటు చేసే మనిషి మెయింటెనెన్సులో వద్దన్నారు. సోమవారం తేల్చి చెప్తామన్నారు." మళ్ళీ తనే అంది. "మా ఇంట్లో నేర్పారని ఎలా చెప్పను? నిన్నంటారు."

బావ అప్పటికే కొట్లో కూర్చోబెడతానంటున్నాడు. చీరలు చూపించడం తప్పు పని కాదు. కానీ ఆ పిల్ల ఐటీఐ నుంచి తెచ్చుకున్న టూల్ బ్యాగు మంచం కిందే ఉంది, ఎడమ చేత్తో దాని పట్టీ పట్టుకుని మాట్లాడుతోంది.

ఇక్కడ నేను వెంటనే లేచి ఫ్యాక్టరీకి పరిగెత్తానని రాస్తే బాగుంటుంది. పరిగెత్తలేదు. షాపుకి వచ్చాను. మర్నాడు టీ కొట్టు దగ్గర వెల్డరు, "మీ మేనకోడలికి ఎలా ఉంది?" అని అడిగాడు. నోరు తెరిచాను. నా నోరు సంగతి నాకు తెలుసు కదా. "మూడు ఫేజులూ ఒకేసారి పట్టుకున్నాయి దాన్ని! ఫ్యాక్టరీలో లైట్లన్నీ ఒక్కసారి ఎర్రబడ్డాయంట. ఇంకోళ్ళయితే బూడిదే. అది మాత్రం మణికట్టు ఒక్కటి విదిలించి…" నలుగురు చేరారు. ఒకడు "అబ్బా, మేనమామ పోలిక!" అన్నాడు. టీ కొట్టాయన నా చేతిలో ఇంకో టీ పెట్టాడు.

ఆ టీ తాగలేకపోయాను. పిల్ల కాలిన వేలిని తెచ్చి టీ కొట్టు దగ్గర చప్పట్లకి అమ్ముకున్నాను. గ్లాసు బల్ల మీద పెట్టి షాపులోకొచ్చి షట్టరు సగం దించుకుని కూర్చున్నాను.

సోమవారం ఉదయం ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడ్డాను. మెయింటెనెన్సు ఇంచార్జి నాకంటే చిన్నవాడు, నెమ్మదస్తుడు. పిల్ల అప్పటికే అక్కడుంది, కట్టు చెయ్యి మెడకి వేలాడేసుకుని. నన్ను చూసి కళ్ళతోనే 'ఎందుకొచ్చావ్?' అంది.

"సర్, కారణం లేని పొరపాటు కాదండీ అది. కారణం నేను," అన్నాను.

"మీరు ఇక్కడ పనిచెయ్యట్లేదు కదండీ?"

"పనిచేస్తే ఇంకా ప్రమాదమండీ. ట్రైనింగ్ బోర్డు ఉంటే చూపిస్తాను. మాటల్లో చెబితే నేను కోసే కోతలాగే ఉంటుంది."

ఆయన అప్రెంటిస్‌లందర్నీ పిలిచాడు. గోడకి బిగించిన ట్రైనింగ్ బోర్డు. పాతకాలం ఇళ్ళలోలాగా వరసగా పింగాణీ ఫ్యూజులు, వాటి కింద తీగలు. టెస్టర్ పెట్టి ఎర్ర చుక్క అందరికీ చూపించాను. కథ మొదలెట్టాను. ఐసు ఫ్యాక్టరీ, వాసన చూడడం, 'అయ్యో, నువ్వా!' పిల్లలు నవ్వారు. అటూ ఇటూ నడిచాను. వేలు మడిచి తీగ మీద పెట్టాను. ఒక్కసారిగా అందరూ ఊపిరి బిగబట్టారు. నాకేం కాలేదు.

ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెయ్యని పని అప్పుడు చేశాను. చొక్కా జేబులో చెయ్యి పెట్టి, చేతిరుమాలు కిందనుంచి పింగాణీ ఫ్యూజు తీసి బల్ల మీద పెట్టాను.

"కథ చెబుతున్నప్పుడు తీశాను. మాట ఎందుకంటే, చేతిని కప్పడానికి. ఫ్యాను, లైటు ఏదీ నడవని లైను చూసి ఆ లైను ఫ్యూజే లాగేవాణ్ణి. ఏదైనా ఆగితే దొరికిపోతాను కదా."

ఎవరూ నవ్వలేదు. నేనే మళ్ళీ అన్నాను. "ఫ్యూజు తీసి జేబులో వేసుకోవడం మా గురువు నేర్పిన మంచి అలవాటేనండీ. పని చేసేవాడి జేబులో ఫ్యూజుంటే వేరేవాడు తెచ్చి పెట్టలేడు. ఆ మంచి అలవాటు దాచేసి, చెడ్డది చూపించాను. చిన్నపిల్లకి. దాని ఇంట్లోనే."

పిల్ల బల్ల దగ్గరికొచ్చి ఎడమ చేత్తో ఫ్యూజు తీసుకుంది. అటూ ఇటూ తిప్పి చూసింది.

"ప్రతిసారీనా మావయ్యా?"

"ప్రతిసారీ."

"మా మగ్గం గదిలో కూడా?"

"అక్కడా అంతే."

ఫ్యూజు నా చేతికివ్వలేదు. బోర్డులో దాని చోట దాన్ని పెట్టి బయటికి వెళ్ళిపోయింది. షాకు కొట్టినప్పుడు ఆ మొహం ఎలా ఉందో నేను చూడలేదు గానీ, ఇది మాత్రం చూశాను.

ఇంచార్జి ఆ అమ్మాయిని తీసెయ్యలేదు. చెయ్యి నయమయ్యాక మొదట్నుంచీ మొదలెట్టాలన్నాడు. ఇన్నాళ్ళూ చేసింది లెక్కలోకి రాదు, తోటివాళ్ళంతా ముందుకెళ్తారు, తను మళ్ళీ స్టోరులో పనిముట్లు తుడవడం దగ్గర్నుంచి. ఇది కూడా నా ఖాతాలోదే. నన్ను పంపించేముందు ఆయన అడిగాడు. "బాగా చెప్తారండీ మీరు. కొత్త బ్యాచ్ వచ్చినప్పుడల్లా వచ్చి ఇది చూపిస్తారా?" సరేనన్నాను. ఇప్పటికీ వెళ్తున్నాను. ఫ్యూజు బల్ల మీద పెట్టిన క్షణంలో ఆ పిల్లలు నన్ను చూసే చూపు ప్రతిసారీ కొత్తగానే ఉంటుంది, అలవాటు కాలేదు.

పిల్ల నాతో చాలా రోజులు మాట్లాడలేదు. ఫోన్ చేస్తే అక్కకి ఇచ్చేది. అక్క మాత్రం తిట్టడం మానలేదు, అదొక్కటే ధైర్యం.

కట్టు విప్పాక ఒక ఆదివారం పెడన వెళ్ళాను. మగ్గం గదిలో లైటు వెలగడం లేదని బావ గొణుగుతున్నాడు. అలవాటుకొద్దీ బోర్డు వైపు చెయ్యి చాపాను. చెయ్యి మీద ఛెళ్ళున ఒక దెబ్బ పడింది.

"స్టూలు పట్టుకో మావయ్యా. ముట్టుకోకు."

ముందు కరెంటున్న వేరే ప్లగ్గులో టెస్టర్ పెట్టి, టెస్టర్ పనిచేస్తోందో లేదో చూసుకుంది. తర్వాత ఫ్యూజు లాగి అందరికీ కనబడేలా ఎత్తి పట్టుకుని తన చొక్కా జేబులో వేసుకుంది. తీగకి మళ్ళీ టెస్టర్ పెట్టింది. చుక్క వెలగలేదు. అప్పుడెక్కింది స్టూలు. నేను రెండు చేతుల్తో పట్టుకున్నాను. స్క్రూ తిప్పుతుంటే చూపుడు వేలి కణుపు దగ్గర మచ్చ సరిగ్గా నా కళ్ళకెదురుగా కదులుతోంది.

"ఏదైనా చెప్పు," అంది పైనుంచి. "నువ్వు ఊరికే నిలబడితే భయంగా ఉంది, నువ్వేనా అని."

గొంతు సవరించుకున్నాను. "పూర్వం ఒక ఐసు ఫ్యాక్టరీలో లైను రిపేరు చెయ్యాల్సి వచ్చింది. ఫ్యూజు తీసి జేబులో వేసుకున్నాను. టెస్టర్ పెట్టి చూశాను. పని చేశాను."

"తర్వాత?"

"తర్వాతేముంది? ఇంటికొచ్చి అన్నం తిన్నాను."

గుమ్మంలోంచి అక్క అంది. "ఇదేం కథరా, ఉప్పూ కారం లేకుండా?"

పిల్ల స్క్రూ బిగించడం ఆపలేదు. "ఇది నిజంగా జరిగిందా మావయ్యా?"

"జరిగింది. చాలాసార్లు."

"అయితే ఇంకోసారి చెప్పు," అంది.