ఘనీ ఇంట్లో జపాన్ పాలకూర

ఆరేళ్లు సౌదీలో ఉండి, 1985లో సొంతూరు ఎల్లారెడ్డికి తిరిగొచ్చిన ఘనీ, అక్కడ జపాన్ కంపెనీ మెస్సులో వంట చేశానని చెబితే గల్లీలో ఒక్కరూ నమ్మలేదు. నమ్మకపోతే పోనీ అనుకునే మనిషే. కానీ పదేళ్ల కూతురు బిల్కిస్ ఒకరోజు బడి నుంచి వచ్చి తండ్రిని మొహం మీదే అడిగేసింది.

"నువ్వు ఆడ పళ్లేలు కడిగినవంట గదా అబ్బా? అందరూ నవ్వుతున్నరు."

ఘనీకి చుర్రుమంది. మొదటి రెండేళ్లు కడిగిన మాట నిజమే. ఆ తర్వాతే కత్తి పట్టనిచ్చారు. ఎంత చెప్పినా ఈ పిల్ల నమ్మేలా లేదు. నాలుగేళ్లప్పుడు వదిలిపోయిన తండ్రి మాట ఎందుకు నమ్మాలి?

"నీ దోస్తులందర్నీ పిలువు. గిప్పుడే వండుదాం" అన్నాడు.

ఏడుగురు పిల్లలు వచ్చి వాకిట్లో కూర్చున్నారు. ఓ పక్కన ఘనీ భార్య జులేఖా, పొరుగింటి సాలవ్వ ఒళ్లో చేటలు పెట్టుకుని బీడీలు చుడుతూ, చూడనట్టే చూస్తున్నారు.

పని చిన్నదే. పాలకూరను వేర్లు తీయకుండానే ఉప్పునీళ్లలో ఒక్క పొంగు రానిచ్చి, చన్నీళ్లలో ముంచి, కాడలన్నీ ఒక వైపుకు చేర్చి కట్టలా గట్టిగా పిండి, ముక్కలుగా కోయాలి. వేయించి నూరిన నువ్వుల్లో కాస్త బెల్లం, సీసాలో తెచ్చుకున్న నల్లటి సోయా రసం కలిపి పట్టించాలి. నువ్వులు నూరడానికి పిల్లలు కొట్టుకున్నారు. నూరినదాంట్లో సగం వాళ్ల నోళ్లలోకే పోయింది. అసలు కష్టం పిండటంలో ఉంది. ఏ కాస్త వదులైనా కోసేటప్పుడు కట్ట విడిపోతుంది. అది చేతికి రావడానికి ఘనీకి మూడు నెలలు పట్టింది. జపాన్ ఉస్తాదు చేత తిట్లు తినని రోజు లేదు.

బిల్కిస్ ఉడికిన పాలకూర తీసుకుని చుట్టింది. తల్లి చేటలోంచి బీడీల దారం తెంపి రెండు చోట్ల బిగించి కట్టింది.

"ఏయ్, దారమేంది? బీడీ అనుకున్నవా?" అని గద్దించాడు ఘనీ.

పిల్లలు పకపకా నవ్వారు. బిల్కిస్ మాత్రం కట్ట వదల్లేదు. అరచేతుల మధ్య పెట్టి నీళ్లన్నీ కారేదాకా అదిమి, దారం విప్పి తండ్రి చేతికిచ్చింది.

ఘనీ కోశాడు. ఒక్క ఆకు కదల్లేదు. ముక్కలన్నీ ఒక్క తీరుగా నిటారుగా నిలబడ్డాయి. తాను లేని ఆరేళ్లూ తల్లి పక్కన కూర్చుని ఈ చేతులు ఏం నేర్చుకున్నాయో అతనికి అప్పుడు తెలిసింది. గర్వంతో గుండె నిండిపోయింది. కొంచెం సిగ్గు కూడా వేసింది.

సాలవ్వ నువ్వులు పట్టించిన ముక్క ఒకటి నోట్లో వేసుకుంది. "కారం లేదు గని, మంచిగనే ఉంది. గింత సక్కగ ఎవరు చేసిన్రు ఘనీ, నువ్వేనా?"

అవునంటే సరిపోయేది. ఆ ఒక్క మాటతో గల్లీ నోరు మూతపడేది.

"నేను గాదు అవ్వా. నేను ఆడ రెండేండ్లు పళ్లేలే కడిగిన. తర్వాత గీ పని నేర్సుకునేతందుకు మూడు నెల్లు పట్టింది. నా బిడ్డకు వాళ్లమ్మ ఎప్పుడో నేర్పింది."

జులేఖా చేతిలో తునికాకు ఆగిపోయింది. బిల్కిస్ తండ్రిని ఒక్క క్షణం చూసి, తలెత్తి దోస్తుల వైపు తిరిగింది.

"ఇన్నరా? మా అబ్బ అబద్ధం ఆడడు" అంది.