దీపం పెట్టాకే మాత్ర

మాత్ర నాలుక మీద ఒక్క క్షణం ఎక్కువ ఆగిందంటే చాలు, చేదు గొంతు దాకా పాకుతుంది. మంచినీళ్ళు తాగినా వదలదు, బెల్లంముక్క చప్పరించినా వదలదు. పోయిన వారం నా మోకాళ్ళ వాపు చూసి, మా వీధి చివర ఉండే డాక్టరమ్మ కొన్నాళ్ళు వాడమని స్టిరాయిడు మాత్రలు రాసింది. "పొద్దున్నే వేసుకోండమ్మా, ఏదైనా తిని వేసుకోండి, మీ అంతట మీరు మానెయ్యకండి" అని గబగబా చెప్పి ఇంకొకరిని పిలిచింది. ఆవిడకేం తెలుసు, ఈ మాటలు నేను దాదాపు డెబ్భై ఏళ్ళ కిందటే విన్నానని! ఆ చేదు తగలగానే నాకు తిరువూరు, అక్కడి ఆడపిల్లల బడి, ఆ బడికి పెద్ద పంతులమ్మ అయిన సీతారత్నంగారు, ఆవిడ చేతులు గుర్తొచ్చాయి.

పందొమ్మిది వందల యాభైల చివర్లో, ట్రైనింగు ముగించుకుని నేను ఆ బడిలో చిన్న పంతులమ్మగా చేరాను. మాది వినగడప, వ్యవసాయం చేసుకునే ఇల్లు. ఉద్యోగం చేస్తానంటే మా నాన్న ఒప్పుకున్నది, సీతారత్నంగారు తమ ఇంటి ముందుగది నాకిస్తానన్నారని. వెనక భాగంలో ఆవిడా, వాళ్ళమ్మగారూ ఉండేవారు. అమ్మగారిని ఊరంతా మామ్మగారనే పిలిచేది. వాళ్ళది ఆచారం గల బ్రాహ్మణ ఇల్లు. వాళ్ళ వంటింటి గడప నేను దాటేదాన్ని కాదు. దాటవద్దని వాళ్ళు చెప్పలేదు, దాటవచ్చా అని నేను అడగలేదు. ఆ రోజుల్లో అలాంటివి ఎవరూ అడిగేవారు కాదు. నా వంట ముందుగది పక్కన వసారాలో నేనే చేసుకునేదాన్ని. మామ్మగారు చేసిన పచ్చళ్ళు మాత్రం గడప ఇవతలికి ధారాళంగా వచ్చేవి.

బడి తెరిచిన రోజే నేను సీతారత్నంగారి పద్ధతి చూశాను. పెద్ద పంతులమ్మ అంటే కుర్చీలో కూర్చుని సంతకాలు చేస్తారనుకున్నాను. ఆవిడ నేల మీద పీట వేసుకుని కూర్చున్నారు. ఒకటో తరగతిలో చేరిన పిల్లల్ని ఒక్కొక్కరినీ ముందు కూర్చోబెట్టుకుని, బలపం పట్టిన ఆ చిన్న పిడికిలిని తన గుప్పిట్లోకి తీసుకుని, పలక మీద అ దిద్దించారు. ఏడ్చే పిల్లలు కూడా ఆ గుప్పిట వెచ్చదనానికి ఊరుకునేవారు. ఆ రోజే కాదు, ఏడాదంతా పొద్దుటి మొదటి గంట ఒకటో తరగతి ఆవిడదే. పై తరగతులు మాలాంటి వాళ్ళకి. "పునాది తాపీమేస్త్రీ వేస్తాడు, గోడకి సున్నం ఎవరైనా కొడతారు" అని నవ్వేవారు. నేను సున్నం కొట్టేదాన్నన్నమాట. కొంచెం ఉక్రోషం వచ్చిన మాట నిజం.

వానాకాలంలో ఆవిడకు కీళ్ళవాతం ముదిరింది. పొద్దున్న లేచేసరికి వేళ్ళు ముడుచుకుపోయి, వాచి, కర్రల్లా ఉండేవి. జడ అల్లుకోవడానికి, చీర కుచ్చిళ్ళు పెట్టుకోవడానికి ఆవిడ పడే అవస్థ తలుపు ఇవతల నుంచి నాకు వినబడుతూనే ఉండేది. మధ్యాహ్నానికల్లా ఆ బిగువు కొంత సడలేది. మర్నాడు పొద్దున్న మళ్ళీ మొదటికే వచ్చేది. దసరా సెలవుల్లో ఆ ఊరి డాక్టరుగారు బెజవాడ నుంచి కొత్తరకం మాత్రలు తెప్పించారు. ఆయన ముక్కుసూటి మనిషి. "ఇది రోగాన్ని పోగొట్టదమ్మా, వాపునీ నొప్పినీ లొంగదీస్తుంది. మొదలుపెట్టాక మీ ఇష్టం వచ్చినట్టు ఆపకూడదు. ఒంటికి ప్రమాదం" అని ముందే చెప్పారు.

మొదట రాత్రి భోజనం తరవాత వేసుకున్నారు. చేతుల మాటెలా ఉన్నా నిద్ర పారిపోయింది. నాలుగు రాత్రుల్లో మూడో తరగతి పరీక్ష పలకలన్నీ కడిగేసి, బడి అటక మీద సామానంతా సర్దేసి, ఇంక చేయడానికేం లేక నన్ను లేపి కబుర్లు చెప్పారు. అదే ఐదో రోజు డాక్టరుగారికి నేను చెప్పాను, నా నిద్ర కోసం. ఆయన నవ్వి, "రాత్రి వద్దు. తెల్లవారుజామున కోడి కూసే వేళకి ఒక గ్లాసు పాలు తాగి, మాత్ర మింగి మళ్ళీ పడుకోండి. మీరు లేచేసరికి చేతులు మీ మాట వింటాయి. ఆలస్యం చేస్తే మాత్ర పనిచేసేసరికి బడి సగం అయిపోతుంది" అన్నారు.

సీతారత్నంగారు తల అడ్డంగా ఊపారు. "స్నానం చేసి దీపం పెట్టకుండా నేను నోట్లో చుక్క వెయ్యనండీ."

"మందుకి కూడానా?"

"మందుకి పట్టింపు లేదంటారు, నిజమే. పాలతో వేసుకోమంటున్నారుగా మీరు. ఖాళీ కడుపున వద్దంటున్నారుగా."

కాబట్టి ఇలా జరిగేది. ముడుచుకున్న వేళ్ళతో బావిలో చేద వేసి, నీళ్ళు తోడుకుని, స్నానం చేసి, దీపం పెట్టి, పాలు నైవేద్యం చేసి, అప్పుడు మాత్ర. నేను తోడతానంటే, ఆ నీళ్ళు తనే తోడుకోవాలనేవారు. చేతులు లేకపోతే స్నానం లేదు, స్నానం లేకపోతే మాత్ర లేదు, మాత్ర లేకపోతే చేతులు లేవు. అంతా అయ్యేసరికి బడి గంట కొట్టేవాళ్ళు. మాత్ర పనిచేయడం మొదలుపెట్టేసరికి ఒకటో తరగతి పిల్లలు అన్నాలకు ఇంటికి పరిగెత్తేవాళ్ళు. ఆ తరగతి మధ్యాహ్నానికి మార్చుకోమన్నాను. "మధ్యాహ్నం నా చేతులు మేలుకుంటాయి, వాళ్ళు నిద్రపోతారు" అన్నారు. ఆవిడ పక్కన కూర్చుని ఉండగా ఆ పిల్లలకు నేను దిద్దించేదాన్ని. నా గుప్పిట్లో వాళ్ళు ఏడుపు మానేవారు కాదు.

ఒకరోజు ఉండబట్టలేక గట్టిగానే అడిగాను, ఇంత చదువుకున్నవారు ఈ పట్టుదల ఏమిటని. "కందకు లేని దురద కత్తిపీటకెందుకు?" అని ముందు కసిరారు. తరవాత ఆవిడే చెప్పారు. చిన్నతనంలోనే భర్త పోతే, మామ్మగారు కూతుర్ని ట్రైనింగుకు పంపుతానన్నారట. బంధువులంతా ఇంటి మీదికొచ్చారట, చదువుకుని నలుగురిలో తిరిగితే ఆచారం మంటగలిసిపోతుందని. అప్పుడు మామ్మగారు అందరి ముందూ కూతురి చేత మాట ఇప్పించారట, ఎక్కడున్నా స్నానం చేసి దీపం పెట్టకుండా నోట్లో ఏమీ వెయ్యనని. "ఆ ఒక్క మాట మీదే నన్ను పంపారు కమలా. లేకపోతే ఇవాళ నేనెక్కడుండేదాన్ని? దేవుడికంటావా, ఆయనతో నేను ఏదోలా సర్దుకోగలను. మాట ఇచ్చింది మా అమ్మకి" అన్నారు. ఆవిడకు ఈ ఉద్యోగం తెచ్చిపెట్టిన మాటే ఇప్పుడు ఉద్యోగాన్ని తినేస్తోందని నాకు కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

గోరుచుట్టు మీద రోకటిపోటులా, చలి ముదిరిన రోజుల్లో బడి కమిటీ పెద్దమనిషి ఒకాయన మొదటి గంటలోనే వచ్చాడు. ఊళ్ళో మిల్లు ఉన్న షావుకారు, చెడ్డవాడు కాదు. సీతారత్నంగారు చేతులు కొంగులో దాచుకుని కూర్చున్నారు. నేను దిద్దిస్తున్నాను. ఆయన కాసేపు చూసి, చాలా మెత్తగా అన్నాడు. "అమ్మా, మీరు ఈ బడికి చాలా చేశారు. ఇంక శ్రమ పడకండి. వచ్చే జూన్ నాటికి కుదుటపడితే సరే, లేకపోతే విశ్రాంతి తీసుకోండి. కమిటీలో నేను చెప్తాను." తిట్టి ఉంటే ఆవిడ సమాధానం చెప్పేవారే. ఆ మెత్తదనానికి చేతులు కొంగులో ఇంకా లోపలికి లాక్కున్నారు. ఆయన వెళ్ళాక ఒక పిల్ల పలక తెచ్చి ఆవిడ ఒడిలో పెట్టి, "మీరు దిద్దించండి" అంది. ఆవిడ నా వైపు చూశారు. ఆ చూపు నేను భరించలేకపోయాను.

ఆ సాయంత్రం సీతారత్నంగారు గుడికి వెళ్ళినప్పుడు, అరుగు మీద కందిపప్పు ఏరుతున్న మామ్మగారి దగ్గర కూర్చున్నాను. తను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకమని ఆవిడకు ఊళ్ళో పేరు. అయినా అంతా చెప్పేశాను. మాత్ర ఏ వేళకి పడాలో, ఎందుకు పడటం లేదో, జూన్లో ఏం జరగబోతోందో చెప్పాను. ఆవిడ చెయ్యి చేటలోనే ఆగిపోయింది.

"నీళ్ళు తోడలేక ఆలస్యమవుతోందనుకున్నానే. మాత్రకి వేళుందని నాతో అనలేదేం అది?"

"మీకు మాట ఇచ్చారటండీ."

"ఇచ్చింది. నేనే ఇప్పించాను." చేట పక్కన పెట్టారు. "ఇప్పుడు దీపం లేకుండా తాగెయ్యమని నా నోటితో నేను చెప్పలేను. చెప్పినా అది తాగదు. నా కూతురు కదూ!"

ఇంక చేసేదేం లేదని లేచి వచ్చేశాను. మర్నాడు తెల్లవారుజామున బావి గిలక చప్పుడుకి మెలకువ వచ్చింది. తలుపు తీసి చూస్తే, ఆ చలిలో మామ్మగారు తలమీద నుంచి నీళ్ళు పోసుకుంటున్నారు. డెబ్భై దాటిన మనిషి, ఒళ్ళంతా వణుకుతోంది. కాసేపటికి వంటింట్లో దీపం వెలుగు కనిపించింది. ఆ తరవాత కూతురి మంచం దగ్గర ఆవిడ గొంతు వినబడింది.

"సీతా, లే. ఇదిగో పాలు. మాత్ర వేసుకుని పడుకో."

"నా స్నానం కాలేదమ్మా."

"నాదయింది. దీపం పెట్టాను, నైవేద్యం పెట్టాను. ఇది ప్రసాదం. ఒంట్లో బాగాలేనివాళ్ళు ప్రసాదం పక్క మీద పుచ్చుకుంటే తప్పని ఎవడన్నాడో వాణ్ణి నా దగ్గరికి రమ్మను."

సీతారత్నంగారు ఏడ్చారో లేదో నాకు తెలియదు. గ్లాసు కింద పెట్టిన చప్పుడు మాత్రం విన్నాను. వారం తిరిగేసరికి ఆవిడ పొద్దున్నే తన జడ తనే అల్లుకున్నారు. నెల తిరిగేసరికి ఒకటో తరగతి నా చేతుల్లోంచి లాక్కున్నారు. డాక్టరుగారు మోతాదు కాస్త కాస్త తగ్గిస్తూ వచ్చారు గానీ మాత్ర ఆపలేదు. ముఖం కొంచెం ఉబ్బింది, వేళ్ళ వంకర అలాగే ఉండిపోయింది. అయినా ఆ పొద్దుటి గంట ఆవిడకు తిరిగొచ్చింది. ఎవరైనా ఏదైనా వద్దని మొండికేస్తే, వాదించి గెలుద్దామని నేను అప్పటి నుంచీ చూడను. ఎవరికి మాట ఇచ్చారో కనుక్కుంటాను.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. ఎండాకాలం చివర్లో మామ్మగారు జ్వరంతో మంచం పట్టారు. బడి తెరవడానికి ఇంకా రెండు మూడు రోజులుంది. షావుకారు ఆ రోజు స్వయంగా వస్తానని కబురు పంపాడు. మామ్మగారు లేవలేని మొదటి రోజు, మాత్ర పడకుండానే తెల్లారింది. సీతారత్నంగారు బావి దగ్గర చేద తాడు పట్టుకోలేక నిలబడిపోయారు. ఆ రోజు మాత్ర పడేసరికి పొద్దెక్కిపోయింది. మర్నాడు చీకటితోనే మామ్మగారి కేక వినబడింది, కూతుర్ని కాదు, నన్ను.

"కమలా! స్నానం చేసి రా. దీపం పెట్టు."

సీతారత్నంగారు మంచం మీదే లేచి కూర్చున్నారు. "అమ్మా, వంటింట్లోకా?"

"మరి దేవుడు వీధిలో ఉన్నాడా? నాకు కాళ్ళు లేవు, నీకు చేతులు లేవు. ఈ ఇంట్లో రెండూ ఉన్నది దానికే. వెళ్ళవే పిల్లా, తెల్లారిపోతోంది."

తడి జుట్టుతో ఆ గడప దగ్గర ఆగిపోయాను. ఏడాదిగా దాటని గడప. దాటాను. రెండు పుల్లలు ఆరిపోయాయి, మూడోదానికి వత్తి అంటుకుంది. పాలు కాచి దేవుడి ముందు పెట్టాక ఏం చేయాలో తెలియలేదు.

"మామ్మగారూ, నాకు మంత్రాలు రావండీ" అన్నాను లోపలి నుంచే.

"నాకు మాత్రం వచ్చా?" అంది ఆ నీరసపు గొంతు. "'తల్లీ, నా కూతురి చేతులు చూడు' అంటాను రోజూ. అంతే. నువ్వూ అదే అను."

నా కూతురి అని ఎలా అనను? మా సీతారత్నంగారి చేతులు చూడు తల్లీ అన్నాను. పాలు పట్టుకెళ్ళి ఇస్తే, ఆవిడ నా ముఖం వంక చూస్తూ తాగి మాత్ర మింగారు.

బడి తెరిచిన రోజు షావుకారు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. సీతారత్నంగారు పీట మీద కూర్చుని వరసగా పిల్లల పిడికిళ్ళు పట్టి అ దిద్దిస్తున్నారు. ఆయన కాసేపు చూసి, చెప్పులు విడిచి లోపలికొచ్చి, తన మనవరాలిని ఆవిడ ముందు కూర్చోబెట్టాడు. విశ్రాంతి మాట మళ్ళీ ఎత్తలేదు. ఆవిడ ఆ తరవాత చాలా ఏళ్ళు ఆ గంట చెప్పారు. మామ్మగారు మళ్ళీ లేచి తిరిగినా, దీపం పెట్టే పని మాత్రం నా దగ్గర నుంచి తిరిగి తీసుకోలేదు.

వాళ్ళిద్దరూ ఇప్పుడు లేరు. నాకు పెళ్ళయింది, పిల్లలయ్యారు, నా ఇంట్లో నాకో దేవుడి గూడు ఉంది. ఇప్పటికీ మంత్రాలు రావు, నేర్చుకోలేదు. దీపం వెలిగించి, ఆ రోజు ఎవరి చేతులు నొప్పితో ఉన్నాయో వాళ్ళ పేరు చెబుతాను.