అంతర్వేది ఫొటోలో చీర

ఆ ఫొటోలో నేను కట్టుకున్న చీర నాది కాదు.

మీరిద్దరూ పుణె నుంచి వీడియో కాల్ చేసి అడిగారు కదా, "మామ్మా, ఆ చిలకాకుపచ్చ చీర ఎప్పుడు కొన్నావు? దాని మీదకి ఆ జాకెట్టేంటి, అస్సలు మ్యాచ్ అవలేదు" అని. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని చెప్పి ఫోన్ మీ అత్త చేతిలో పెట్టేశాను. పొయ్యి మీద పాలే లేవు. నిన్న మళ్ళీ మీ నాన్న "దసరా సెలవలకి రా అమ్మా, పిల్లలతో కలిసి కారులో నాలుగు ఊళ్ళు తిరుగుదాం" అంటే మోకాళ్ళ నొప్పులన్నాను. మోకాళ్ళు బాగానే ఉన్నాయి. కాకినాడలో ఈ ఇంటికి రోజూ మెట్లెక్కే వస్తున్నాను. రెండు అబద్ధాలకీ కారణం ఒకటే. మీ మొహాలు చూస్తూ చెప్పలేను కానీ ఇలా ఫోన్లో రికార్డు చేసి అయితే చెప్పగలననుకుంటున్నాను.

మీ అత్త కూతురు పదో తరగతి పరీక్షలు రాస్తే ఎక్కడికంటే అక్కడికి తీసుకెళ్తానని మీ మావయ్య మాటిచ్చారు. వైజాగ్ అంటుందనుకున్నాం. అది అంతర్వేది అంది.

"గుడికా?" అంది మీ అత్త ఆశ్చర్యపోతూ.

"కాదమ్మా. గోదారి సముద్రంలో కలిసే చోటుకి. డెల్టా బొమ్మ గీసీ గీసీ నా చెయ్యి పడిపోయింది. అసలుది ఒక్కసారి చూడాలి." తర్వాత నా వైపు తిరిగింది. "అమ్మమ్మ కూడా రావాలి. అమ్మమ్మ రాకపోతే క్యాన్సిల్."

అక్కడే నా గుండెల్లో రాయి పడింది.

మీ నాన్న పుట్టిన దగ్గర్నుంచీ నాకు మూత్రం సరిగ్గా ఆగదు. దగ్గినా, తుమ్మినా, గట్టిగా నవ్వినా బట్ట తడుస్తుంది. ఈ సంగతి మీ తాతగారికి కూడా తెలియకుండానే ఆయన వెళ్ళిపోయారు. ఒకసారి ధైర్యం చేసి డాక్టర్ దగ్గరికి వెళ్తే లోపల మీ నాన్న కంటే చిన్నవాడు కూర్చుని ఉన్నాడు. నడుం నొప్పని చెప్పి, నడుముకి రాసుకునే నూనె రాయించుకుని వచ్చేశాను. ఇంట్లో ఉన్నంతసేపూ ఎలాగో నడిచిపోతుంది. ప్రయాణమంటేనే భయం. దానికి నాకు తెలిసిన మందు నీళ్ళు తాగకపోవడం. ముందురోజు రాత్రి అన్నం తిన్నాక గ్లాసు బోర్లించేస్తాను. పొద్దున్న కాఫీ ఉండదు. ఇది నేను కనిపెట్టిందేం కాదులే. మా అమ్మా ఇంతే, మా అత్తగారూ ఇంతే. పెళ్ళివారి బస్సులో ఆడవాళ్ళందరం పెదాలు ఎండగట్టుకునే కూర్చునేవాళ్ళం. మగవాళ్ళు బస్సాపించి కాలవగట్టు పక్కకి వెళ్ళొచ్చేవారు. మేం అటు కిటికీలు వదిలేసి ఇటు చూసేవాళ్ళం.

ఇంకో జాగ్రత్త ముదురు రంగు చీర. తడి కనబడదు. ఆ రోజూ కాఫీరంగు చీర తీసి మంచం మీద పెట్టుకున్నాను. పిల్ల వచ్చి దాన్ని మళ్ళీ బీరువాలో పెట్టేసింది.

"ప్రతి ట్రిప్పులోనూ ఫొటోల్లో నువ్వు నీడలా పడతావు అమ్మమ్మా. ఉగాదికి నేను సెలెక్ట్ చేసిన పిస్తా రంగుది కట్టు."

పరీక్షలు రాసిన పిల్ల, సరదాగా అడిగింది. కాదనలేకపోయాను.

ముందు సీట్లో మీ మావయ్య, మీ అత్త. వెనక నేనూ పిల్లా. మా ఇద్దరి మధ్య పెద్ద నీళ్ళ సీసా. యానాం దాటి వంతెన ఎక్కగానే పిల్ల కిటికీలోంచి తల బయటపెట్టి "ఇది గౌతమి అమ్మమ్మా, మనం వెళ్ళేది వశిష్ఠ దగ్గరికి" అంటూ పాఠం మొదలెట్టింది. మధ్యమధ్యలో సీసా ఎత్తి గటగటా తాగి నాకిచ్చేది.

"దాహం లేదే."

"పెదాలు చూసుకో. అప్పడాల్లా ఉన్నాయి."

అమలాపురం దాటాక మీ మావయ్య బొండాల బండి దగ్గర కారు ఆపారు. మీకు తెలుసుగా, నాకూ ఆయనకీ మాటలు తక్కువ. ఆయన హాల్లోకి వస్తే నేను ఇప్పటికీ లేచి నిలబడతాను. ఆయనకి నాతో ఏం పని ఉన్నా మీ అత్త చేత చెప్పిస్తారు. అలాంటి మనిషి స్వయంగా నా కిటికీ దగ్గరికి వచ్చి రెండు చేతులతో బొండాం అందించారు.

"అత్తయ్యగారూ, లేతది కొట్టించాను. తాగండి."

"వద్దులెండి బాబూ, నాకు చలవ పడదు."

బండివాడు కత్తి పట్టుకునే నవ్వాడు. "కొబ్బరినీళ్ళు పడకపోవడమేంటండీ! ఈ మాట కోనసీమలో ఇంకెక్కడా అనకండి, ఊరు దాటించేస్తారు."

అల్లుడు చేతులు చాచి నిలబడే ఉన్నారు. ఇంక కాదంటే ఆయనకి చిన్నతనం. తీసుకున్నాను. సగం తాగి ఆపుదామనుకున్నాను కానీ, రాత్రి నుంచీ ఎండిన గొంతు కదా, ఆగలేదు. చివరి చుక్క దాకా లాగేశాను.

రాజోలు దాటేసరికే పని చూపించింది. పెట్రోల్ బంకులో కారు ఆపి, మీ మావయ్య రోడ్డు వైపు చూస్తూ "ఎవరైనా దిగాలంటే దిగొచ్చు" అన్నారు. నా గురించేనని నాకు తెలుసు. నేను నోరు తెరిచేలోపే మీ అత్త "మాకేం అక్కర్లేదండి" అంది. ఆ 'మాకు'లో నేనూ ఉన్నాను. నాకూ అదే సుఖమనిపించింది. పిల్ల ఒక్కతే దిగి వెళ్ళొచ్చింది.

"బానే ఉంది. నీళ్ళొస్తున్నాయి, గడియ కూడా ఉంది. వెళ్ళు అమ్మమ్మా."

దాని తొడ మీద గిల్లాను. "హుష్! మీ నాన్న ఉన్నారు."

"ఉంటే? నాన్న వెళ్ళరా ఏంటి?"

మీ అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కారు కదిలింది.

మలికిపురం దాటాక రోడ్డు తవ్వి కంకర పోశారు. కారు ఎగిరినప్పుడల్లా నేను ముందు సీటు పట్టుకుని ఊపిరి బిగబట్టాను. బంకు దగ్గర దిగి ఉంటే అయిపోయేది. ఇప్పుడు ఆపమనాలంటే ఎవరితో అనాలి? మీ అత్త చెవిలో చెప్పినా అది ఆయనకి చెప్పాల్సిందే. ఇంకాసేపు, ఇంకాసేపు అనుకుంటూ ఉండగా ఒక గేదె అడ్డం వచ్చింది. మీ మావయ్య బ్రేకు వేశారు.

అంతే. మొదలయ్యాక నా చేతిలో లేదు. పిస్తా రంగు మీద తడి పాకుతూ పాకుతూ మోకాళ్ళ దాకా వచ్చింది. చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి కొబ్బరిచెట్లు చూస్తూ కూర్చున్నాను. పిల్ల "అదిగో లైట్‌హౌస్!" అని నా మీదుగా వంగి, సీటు మీద చెయ్యి ఆనించింది. ఆనించిన చెయ్యి తీసి చూసుకుంది. సీసా మూత చూసింది. బిగించే ఉంది. తర్వాత నన్ను చూసింది.

"చెప్పకే," అన్నాను పెదాలు కదిలీ కదలకుండా. "నీకు దణ్ణం పెడతాను."

మనవరాలికి దణ్ణం పెడతానన్నాను. అది నా చెయ్యి పట్టుకుంది. కాపాడుతుందనుకున్నాను.

"నాన్నా, కారు ఆపు. అమ్మమ్మకి బాత్రూం కావాలి. ఏదైనా ఇంటి దగ్గర ఆపు."

దాని చెంప పగలగొట్టాలనిపించింది. మీ అత్త వెనక్కి తిరిగి చూసి "అయ్యో అమ్మా" అంది. మీ మావయ్య తిరగలేదు. చెయ్యెత్తి ముందున్న అద్దాన్ని పైకి తిప్పేశారు.

రోడ్డు పక్కన ఒక డాబా ఇల్లు. వాకిట్లో ఒకావిడ కత్తిపీట ముందేసుకుని కొబ్బరాకుల ఈనెలు తీస్తోంది. మీ అత్త వయసే ఉంటుంది. మా పిల్ల తిన్నగా గేటు తీసుకుని వెళ్ళిపోయింది.

"ఆంటీ, మా అమ్మమ్మకి మీ బాత్రూం కావాలి. చీర కూడా తడిసిపోయింది."

ఆవిడ ఈనెలు పక్కకి నెట్టి లేచింది. "రమ్మనమ్మా, రమ్మను! అడగడమెందుకు? కుక్క కరవదు, దాని మొహం, రండి!"

చేతిసంచీ వెనకాల అడ్డం పెట్టుకుని ఆ వాకిలి దాటాను. అంత పొడుగు వాకిలి నేనెక్కడా చూడలేదు. మీ మావయ్య రోడ్డు అవతల నిలబడి, కొబ్బరితోట బేరమాడడానికి వచ్చినవాడిలా చెట్ల మొవ్వులు చూస్తున్నారు.

బాత్రూం తలుపు మీదుగా ఆవిడ లంగా, చీర అందించింది. చిలకాకుపచ్చ, గులాబీ అంచు.

"ఇంత మంచిది ఎందుకమ్మా, పాతది ఇవ్వండి."

"ఇంటికొచ్చినావిడకి పాతది ఇస్తానేంటండీ! మీ బట్టలిలా ఇచ్చెయ్యండి, జాడించి ఆరేస్తాను."

"వద్దమ్మా, ఆ పని మాత్రం వద్దు." తలుపు సందులోంచి ఆవిడ ఒక కొస, నేనొక కొస.

"వదలండీ బాబూ! మా అత్తగారికి ఆఖర్న మంచంలోనే చేశానండి. ఇదో పనా?"

వదిలేశాను. పంపు తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను. అంతలో తలుపు కింది నుంచి మా పిల్ల చెయ్యి వచ్చింది. చేతిలో దాని ప్యాడు. నల్ల కవరూ లేదు, కాగితం చుట్టా లేదు. "ఇది పెట్టుకో అమ్మమ్మా, పీల్చేస్తుంది" అంది, పెరట్లో అందరికీ వినబడేలా.

బయటికి వచ్చేసరికి మీ అత్త తలుపు దగ్గర నిలబడి ఉంది.

"నువ్వెందుకే ఇక్కడ?"

"నేనూ వెళ్ళాలమ్మా," అంది తల దించుకుని. "పొద్దున్నుంచీ బిగబట్టుకునే ఉన్నాను."

అప్పుడు గుర్తొచ్చింది. అది పొద్దున్న కాఫీ తాగలేదు. బొండాం సగం తాగి మొగుడికిచ్చేసింది. సరిగ్గా దాని కూతురి వయసులో ఉన్నప్పుడు పెద్దాపురం మరిడమ్మ జాతరకి బయల్దేరుతూ చెంబు ఎత్తితే, నోటి దగ్గర్నుంచి లాగేసుకున్నాను. ఆడపిల్లవి, దారిలో ఎక్కడ ఆపుతారనుకున్నావు అన్నాను. దానికి నాలాంటి జబ్బేం లేదు. అయినా ఇన్నేళ్ళూ అలాగే ఎండుతోంది. చీర తడిసినప్పటి సిగ్గు వేరు, ఈ సిగ్గు వేరు. అది ఉతికితే పోయింది.

మేం వచ్చేసరికి పిల్ల కారు తలుపులన్నీ తీసి, సీటు కవరు ఊడదీసి కడుగుతోంది. నేను దారంతా ముట్టని సీసాలోని నీళ్ళతోనే.

గోదారి సముద్రంలో కలిసే చోట నేను పెద్దగా ఏం చూడలేదు. ఇటు గోధుమరంగు నీళ్ళు, అటు నీలం, మధ్యలో నురగ. పిల్ల మోకాళ్ళ లోతు దిగి "బొమ్మలో గీసినట్టు లేదు, చాలా పెద్దది!" అని అరుస్తోంది. నాకేమో ఇసకలో అందరూ ఆ చిలకాకుపచ్చ చీరనే చూస్తున్నట్టుంది. పిల్ల ఒడ్డుకొచ్చి ఫోన్ ఎత్తి నవ్వమంది. నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. మీకొచ్చిన ఫొటో అదే.

"కోపమా అమ్మమ్మా?"

"మీ నాన్న ముందు అలా అనొచ్చా?"

"మరేమనాలి? చెప్పు, ఈసారి అలాగే అంటాను."

ఇంత వయసొచ్చినా, మగవాళ్ళున్న చోట ఆ అవసరాన్ని ఎలా చెప్పాలో నేనెప్పుడూ నేర్చుకోలేదు.

తిరుగుదారిలో మళ్ళీ ఆ ఇంటి ముందు ఆగాం. నా చీర ఆరిపోయి, మడతపెట్టి అరుగు మీద ఉంది. లోపలికి వెళ్ళి మార్చుకుని ఆవిడ చీర ఆవిడకిచ్చాను. దాన్ని ఎగాదిగా చూసి "ఇసక కూడా అంటనివ్వలేదేంటండీ, సముద్రం దాకా వెళ్ళి!" అని నవ్వి, గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చింది.

గ్లాసు పట్టుకున్నాను కానీ చెయ్యి పైకి లేవలేదు. కాకినాడ ఇంకా చాలా దూరం. మీ అత్తా గ్లాసు పట్టుకుని నన్నే చూస్తోంది. నేనేం చేస్తే అది చేసేలా ఉంది. గేటు దగ్గర మీ మావయ్య కారు తాళాలు తిప్పుతూ, తాళాలతోనే అన్నట్టు అన్నారు: "టైర్లలో గాలి చూపించాలి. దారిలో ఎలాగూ బంకుల దగ్గర ఆగుతాం."

తాగాను. మీ అత్త కూడా తాగింది.

ఆయన అన్నట్టే, కనబడిన ప్రతి బంకు దగ్గరా ఆపారు. ఆపి, మాకు వీపు పెట్టి గాలి మిషను దగ్గరికి వెళ్ళి నిలబడేవారు. మొదటి చోట నేను దిగలేదు. రెండో చోట మీ అత్త దిగి, నా వైపు తలుపు తీసి పట్టుకుంది. తలొంచుకుని దాని వెనకే వెళ్ళాను.

"నాన్నా, ఇంకా కొట్టిస్తే పేలిపోతాయి!" అని వెనకాల పిల్ల అరుస్తోంది.

సిగ్గు పోయిందనుకోకండి. ఇది మీకు చెబుతుంటే ఇప్పుడూ నా చెవులు కాలుతున్నాయి. మీ నాన్నకి నేను చెప్పలేను, మీరే చెప్పండి. దసరాకి వస్తాను. బయల్దేరే ముందు కాఫీ కూడా తాగుతాను. కానీ దారిలో కారు ఆపమని అడగడం ఇంకా నావల్ల కాదు. మీరిద్దరూ నాకు చెరోపక్కా కూర్చోండి. నేను మాటలు మానేసి కిటికీలోంచి చూస్తున్నానంటే, ఆపమని మీరే అనండి.

కొంచెం మెల్లిగా అనండి.